వీణకు డిగ్రీ ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను బొబ్బిలిలో టైలర్ని. పనసకర్రతో వీణలు చెక్కే గొల్లపల్లి మాకు పక్కనే. అక్కడే పాత వీణ ఒకటి బాగు చేయించి మా అమ్మాయికి కొనిచ్చాను. ఈ ఏడు ఇంటర్ అయింది, సంగీతంలోనే డిగ్రీ చేస్తానంటోంది.

ఒక ప్రైవేటు యూనివర్సిటీకి ఫోన్ చేస్తే ఏడాదికి లక్షా ఇరవై వేలు, హాస్టల్ వేరే అన్నారు. వీణ మాత్రం మీదే తెచ్చుకోవాలట! జాకెట్టుకి నూట యాభై తీసుకునేవాణ్ణి, ఎన్ని జాకెట్లో మనసులోనే లెక్కేసుకుని ఫోన్ పెట్టేశాను.

విజయనగరం సంగీత కళాశాల ఉంది కదా అంటారు. నిజమే. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ఘంటసాల గారు చదువుకున్న చోటు. ఫీజు మాలాంటివాళ్లం కట్టగలం. కానీ నాలుగేళ్లకి సర్టిఫికెట్, ఆపై రెండేళ్లకి డిప్లొమా. ఆరేళ్లు వేళ్లు కాయలు కాసేలా వాయించినా, డిగ్రీ అడిగే ఉద్యోగానికి బీఏ విడిగా చదవాల్సిందే. అందుకే అక్కడ వీణలో చేర్పించి, దూరవిద్యలో బీఏ కట్టిస్తున్నాను. రెండు పరీక్షలూ ఒకేసారి పడితే ఎలా అని దానికి ఇప్పట్నుంచే టెన్షన్.

ఆ సాధన గంటల్నే క్రెడిట్లుగా లెక్కగట్టి, భాషల పేపర్లు కలిపి ఏదైనా ప్రభుత్వ యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వకూడదా? కొత్త బిల్డింగులు కూడా అక్కర్లేదు.

- ఒక తండ్రి, బొబ్బిలి