ముందు ఏడో చేప సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మన జానపద కథల్ని యానిమేషన్ సినిమాలుగా తీస్తే బాగుంటుందన్న మాట ఈమధ్య తరచూ వినబడుతోంది. మంచి మాటే. కాకపోతే ఆ మాట ఎక్కడ మొదలైనా బాలనాగమ్మ దగ్గరికో తెనాలి రామలింగడి దగ్గరికో చేరి, ఆఖరికి రెండు గంటల సినిమా, కోట్ల ఖర్చు అనేసరికి చల్లబడిపోతోంది. బొమ్మను కాస్త కదిపి ఫోటో తీసి, మళ్లీ కాస్త కదిపి ఫోటో తీస్తూ, ఫ్రేము ఫ్రేముగా (తెర మీద వచ్చే ఒక్కో నిశ్చల చిత్రమే ఫ్రేము) కదిపే పని తెలిసినవాళ్లం కనుక మేం చెప్పేది ఒక్కటే. మొదట తీయాల్సింది ఏడు చేపల కథ. ఏడే నిమిషాల్లో, మన విశాఖలో, ఏటికొప్పాక బొమ్మలతో.

అందరికీ తెలిసిన కథ కాబట్టే దానిమీద చిన్నచూపు. ఒకసారి పనివాడి కంటితో చూడండి. చేప ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది. మోపునడిగితే ఆవు మేయలేదంటుంది. ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ పాప మీద, పాప చీమ మీద నెట్టేస్తారు. జానపద విద్వాంసులు గొలుసు కథ అనేది దీన్నే. కొట్లాట లేదు, గుంపులు లేవు. ఒక్కో పాత్రకు ఒక్కటే మాట, ఒక్కటే సాకు. యానిమేషన్‌లో ఖర్చంతా గుంపుల దగ్గర, నడకల దగ్గర అవుతుంది. ఈ కథలో నిలబడి తప్పించుకోవడమే తప్ప నడిచేవాళ్లు తక్కువ. రాజునూ ఏడుగురు కొడుకులనూ బొమ్మలుగా చేయనక్కర్లేదు, మొదటి నిమిషంలో నీడలుగా దాటించేయొచ్చు. రాజకొడుకులు వేటకెళ్లి చేపలు తేవడమేమిటని అడిగే పిల్లలకు విశాఖలో జవాబు తేలిక. ఇక్కడ వేటంటేనే సముద్రం మీది వేట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఆపేదాన్ని కూడా వేట నిషేధమనే అంటాం. జాలారిపేట ఒడ్డున వలలు పరిచి నెత్తళ్లు ఎండబెట్టే చోటే ఈ సినిమాకు సెట్టు.

పని గొంతుతో మొదలవ్వాలి, బొమ్మతో కాదు. ముందు మాట రికార్డు చేసి, దాని కొలతకు నోరు కదపాలి. బొమ్మ ముందు కదిలి గొంతు తర్వాత అతికితే అది డబ్బింగ్ సినిమాలాగే ఉంటుంది. గొంతు కూడా కథ చెప్పే అలవాటున్న ముసలమ్మదే కావాలి, యాసతో సహా. ‘సేపా సేపా ఎందుకెండనేదు’ అని అడిగితే ఈ ఊళ్లో పిల్లలు ఇట్టే నవ్వుతారు.

నోటి బొమ్మలు ఎనిమిదుంటే చాలు. మూసిన పెదాలు (ప, బ, మ), పైపళ్లకు తాకిన కింది పెదవి (వ, ఫ), బాగా తెరిచిన నోరు, సగం తెరిచిన నోరు, పక్కలకు సాగిన నోరు (ఇ, ఎ), గుండ్రంగా ముందుకొచ్చిన నోరు (ఉ, ఒ), నాలుక కనిపించేది (ల, న), ఊరకున్నప్పటిది. ఇంతవరకు ఏ పాఠంలోనైనా చెబుతారు. చెడేది ఎక్కడంటే, ఆ పాఠాలు ఇంగ్లిష్ మాటకు రాసినవి. మనకు ద్విత్వాలున్నాయి. ‘అవ్వ బువ్వ పెట్టలేదు’ అన్న చిన్న వాక్యంలోనే మూడు. వ్వ దగ్గర పెదవి పంటికి తాకి ఆగాలి, కనీసం నాలుగు ఫ్రేములు. ఇంగ్లిష్ లెక్కన రెండు ఫ్రేముల్లో దాటించేస్తే చెవికి ‘అవ్వ’ వినబడుతుంది, కంటికి ‘అవ’ కనబడుతుంది. చూసేవాడికి తప్పెక్కడో తెలియదు గాని బొమ్మ పరాయి భాష మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ట్ట దగ్గర నాలుక కనిపించకపోయినా నోరు కదలకుండా ఉండాలి. ఇంకోటి, మన మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అన్నాక చీమ నోరు తెరిచే ఉండాలి, మెల్లగా మూతపడాలి. వాక్యం కాగానే నోరు టక్కున మూశారా, చీమ పొగరంతా పోయింది.

ఇక బొమ్మలు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, తిరుగుతుండగానే లక్క పట్టించి చేసేది. అందుకే గుండ్రంగా ఉంటుంది, కీళ్లుండవు. దుకాణంలో కొన్న బొమ్మను కదపలేం. తల, మొండెం, చేతి ముక్కలు విడివిడిగా తిప్పించుకుని, వాటి మధ్య 2 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ రెండు పేటలు మెలిపెట్టి ఎమ్‌సీల్‌తో బిగించాలి. ఎనిమిది అంగుళాల ఎత్తు సరిపోతుంది. అల్యూమినియం తీగను వంచినచోటే మళ్లీ మళ్లీ వంచితే గట్టిపడి పెళుసై తెగుతుంది. ముందు పోయేది మణికట్టు, తర్వాత మోకాలు. అందుకని చేతుల్ని అతికించకుండా గొట్టంలోకి దూర్చేట్టు పెట్టుకుని, బొమ్మకు మూడు జతలు సిద్ధంగా ఉంచుకోవాలి. షాట్ మధ్యలో తీగ తెగితే బొమ్మను మళ్లీ అదే చోట అదే వంపులో నిలబెట్టడం ఎవరివల్లా కాదు, ఆ షాట్ మొదటికే. పాదంలో నట్టు పెట్టి, బల్ల కిందనుంచి స్క్రూతో బిగిస్తే బొమ్మ ఒరగదు.

కొనేవాళ్లు ముచ్చటపడే మెరుపే కెమెరాకు శత్రువు. మొగలి ఆకుతో మెరుగుపెట్టిన లక్క అద్దంలా ఉంటుంది. దీపం, కెమెరా, మన చెయ్యి అన్నీ అందులో కనబడతాయి, బొమ్మ తల తిప్పినప్పుడల్లా మెరుపు జారుతుంది. ఆ చివరి మెరుగు ఆపేయమని పనివాళ్లకు ముందే చెప్పుకోవాలి. తర్వాత గరుకు కాగితంతో రుద్దితే రంగు చారలు పడుతుంది. రంగుల్లోనూ ఒక చిక్కుంది. పసుపుతో వచ్చే పచ్చరంగు వెలుతురుకు వెలిసిపోతుంది. మూడు నెలలు దీపాల కింద ఉండే బొమ్మకు జత బొమ్మ ఒకటి చీకటి పెట్టెలో ఉండాలి, లేకపోతే మొదటి రోజు చీరా చివరి రోజు చీరా కలవవు.

సెట్టు మీద నిజమైన ఇసుక పోయకూడదు. చెయ్యి తగిలినప్పుడల్లా రేణువులు జరిగి, తెర మీద నేలంతా బుడబుడమంటుంది. ప్లైవుడ్ మీద ఫెవికాల్ రాసి ఇసుక చల్లి ఎండనివ్వాలి. గడ్డిమోపు కూడా నిజం గడ్డితో వద్దు, వారం తిరక్కుండానే రంగు మారిపోతుంది. కొబ్బరిపీచుకు ఆకుపచ్చ వేసి, పరక పరకకూ జిగురు పట్టించి కట్టుకోవాలి.

చేపల దగ్గర కాస్త ఆగాలి, సినిమా అంతా వాటిమీదే. ఎండే చేప ఒక్కసారిగా ఎండదు. మొదట మెరుపు పోతుంది, తర్వాత కన్ను లోపలికి పోతుంది, తర్వాత పొట్ట ముడుతపడి తోక పైకి లేస్తుంది. అంటే ఆరు చేపలకు ఒక్కోదానికి నాలుగు దశలు, 24 బొమ్మలు. ఏడోదానికి ఒక్కటే చాలు. దాని తడి కోసం నీళ్లు పూస్తే దీపం కింద నిమిషాల్లో ఆరిపోయి షాట్ మధ్యలో మెరుపు తగ్గుతుంది, గ్లిజరిన్ పూయాలి. పక్కవన్నీ ముడుచుకుపోతుంటే ఇదొక్కటీ నిగనిగలాడుతూ సిగ్గుపడుతూ ఉండాలి. ఆ సిగ్గు కుదిరితే మొదటి ప్రశ్నకే పిల్లలు కథలో పడిపోతారు.

దీపాల విషయం క్లుప్తంగా. కిటికీ వెలుతురు పనికిరాదు, మేఘం పోయినప్పుడల్లా మారుతుంది. ఎల్ఈడీ దీపాలు, వాటికి స్టెబిలైజర్ ఉండాలి. కెమెరాలో ఆటో అన్న మాటే వద్దు, వెలుతురూ రంగూ ఫోకసూ అన్నీ చేత్తోనే. అయినా బొమ్మ మినుకుమంటుంటే తప్పు లెన్సుది. కరెంటుతో పనిచేసే అపర్చరు, అంటే లెన్సులో వెలుతురు దూరే కన్నం, ప్రతి ఫ్రేముకూ ఒక వెంట్రుకవాసి తేడాగా మూసుకుంటుంది. చేత్తో తిప్పే పాత లెన్సు పెడితే ఆ తెగులు పోతుంది. తెల్లచొక్కా వేసుకోవద్దు, దాని వెలుగు సెట్టు మీద పడుతుంది. ఫ్యాను తిరగకూడదు. మన ఊరి ఉక్కపోతలో అదొక శిక్ష. చెమట చేతులతో లక్కను ముట్టుకుంటే వేలిముద్రలు పడతాయి, నూలు తొడుగులు తప్పవు.

చివరి షాటుకు సెట్టు విడిగా కట్టాలి. చీమ కొలతకు పాప వేలు తాటిమానంత కనబడాలి కదా, కాబట్టి వేలు అడుగు పొడవు, చీమ రెండంగుళాలు. కెమెరా పుట్ట లోపల ఉండాలి. కన్నంలోంచి పడే వెలుతురు ఒక్కసారిగా మూసుకుపోవాలి, అప్పుడు వేలు దిగాలి. పుట్ట మన్ను కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద పడకండి, అది కాపాడుకోవాల్సిన చోటు. ఇటుక పొడి చాలు. చీమ మాటతో సినిమా ఆగిపోవాలి. పుట్టలో వేలు పెట్టకూడదని నీతి చెప్పే గొంతు దయచేసి వద్దు.

లెక్క ఇదీ. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో పోజు రెండు ఫ్రేములు నిలుస్తుంది. ఏడు నిమిషాలంటే 420 సెకన్లు, 5,040 పోజులు. పోజుకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది కనుక రోజుకు 60 పోజులు, అంటే తెర మీద ఐదు సెకన్లు. 84 పనిరోజులు, వారానికి ఆరు రోజుల చొప్పున 14 వారాలు. దానికి ముందు గొంతు రికార్డింగు, షాట్లన్నీ వరసగా గీసుకునే కాగితాలు (స్టోరీబోర్డు), బొమ్మల తయారీ కలిపి ఇంకో మూడు నెలలు వేసుకోవాలి. ఐదారుగురు చేయగల పని. ఏడు నిమిషాలేం లెక్క అనేవాళ్లు 1974లో ఫిల్మ్స్ డివిజన్ తీసిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ను గుర్తు చేసుకోవాలి. అదీ ఏడు నిమిషాలదే. దూరదర్శన్‌లో దాన్ని చూసి పెరిగినవాళ్లకు ఆ పాట ఇప్పటికీ నోటికొచ్చు.

రెండోది తీయాలంటే పరమానందయ్య శిష్యులు ఏరు దాటే ఘట్టం. ఏరు మెలకువగా ఉందో నిద్రపోయిందో తెలుసుకోవడానికి కొరివి ముంచడం, అది చుయ్యిమనగానే హడలిపోయి పరుగెత్తడం, తర్వాత ఆరిపోయిన కట్టెనే ముంచి ఏరు నిద్రపోయిందని సంబరపడటం. ఇది పూర్తిగా శబ్దం మీద నడిచే హాస్యం, మాటలు తీసేసినా నిలుస్తుంది. శిష్యులు పన్నెండు మందైనా మూడు మొండేలు, నాలుగు తలలు చేసుకుంటే కలిపి పన్నెండు రూపాలొస్తాయి.

బాలనాగమ్మకు మూడో స్థానం. చిలకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరుకు రష్యాలో కష్చేయ్ అనే అన్నగారున్నాడు, అతని ప్రాణం గుడ్డులోని సూదిలో ఉంటుంది. ఈ కథకు కంప్యూటర్ హంగులకన్నా తోలుబొమ్మలాటే సరైన రూపం. చిలక కాలు ఇటు విరుగుతుంటే ఫకీరు కాలు అటు విరగడం ఒకే తెర మీద, కట్ లేకుండా చూపొచ్చు. వెనకనుంచి వెలుతురిచ్చి కత్తిరించిన నీడబొమ్మలతో లోట్టె రైనిగర్ జర్మనీలో 1926లోనే పూర్తి నిడివి సినిమా తీశారు. ఆవిడవి నల్లనీడలు, మనవి రంగులు దాటించే తోలు. అయితే మేకతోలు మన సముద్రగాలికి తేమ పీల్చి మెలికపడుతుంది. అసలు బొమ్మను స్కాన్ చేసి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద ముద్రించుకోవాలి. దారం ముడితో కట్టిన కీలు ఆటలో అందంగా ఊగుతుంది గాని ఫ్రేముల పనిలో జారిపోతుంది, బిగువైన రివెట్టు కావాలి. బొమ్మ గీసిన, తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట ఊరి కళాకారులకు డబ్బూ పేరూ రెండూ దక్కాలి. పసిబిడ్డ తల్లిని కుక్కగా మార్చి ఎత్తుకుపోవడం మరీ చిన్నపిల్లలకు వద్దు, పదేళ్లు దాటాకే.

తెనాలి రామలింగడిని, బీర్బల్‌ను కొన్నాళ్లు వదిలేయడం మేలు. ఆ కథల బలం మాటలో ఉంది. బొమ్మ కదిలినా కదలకపోయినా ఒకటే. వాటికి బదులు పేదరాశి పెద్దమ్మను పట్టుకోండి. ఏ రాకుమారుడొచ్చినా అన్నం పెట్టి ఊరి గుట్టు చెప్పేది ఆవిడే. ఒక్క బొమ్మ, ఒక్క ఇల్లు చేసుకుంటే ఎన్నో కథలకు వాడుకోవచ్చు.

హక్కుల మాట. కథ ఎవరి సొత్తూ కాదు, కానీ దాన్ని ఒకరు రాసిన తీరు, గీసిన బొమ్మ వాళ్లవే. మన చట్టంలో రచయిత, చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు హక్కుంటుంది. మన శ్రీకాకుళం వడ్డాది పాపయ్య గారి బొమ్మల్ని కదిలించాలని అందరికీ మనసవుతుంది. ఆయన 1992లో పోయారు, 2052 ముగిసేదాకా అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. అందుకే ముద్రించిన పుస్తకంలోంచి కాకుండా నోటినుంచి కథ తీసుకోవాలి.

ఆ పనిలో మీ పత్రిక సాయపడాలని కోరిక. ఏడు చేపల కథ ఇంటింటికీ మారుతుంది. కొందరి కథలో పాలేరు, కొందరిలో గొల్లపిల్లాడు. మీ పాఠకులు తమ ఇంటి ముసలమ్మ చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసి పంపితే చాలు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, నోటికి అడుగు దూరంలో దిండు మీద ఉంచాలి. మధ్యలో మాట దిద్దొద్దు, యాస దిద్దొద్దు. ఎదురుగా ఊకొట్టడానికి ఒక పిల్లనో పిల్లాణ్నో కూర్చోబెట్టండి, ఎవరూ లేకపోతే ముసలమ్మ నిమిషంలో ముగించేస్తుంది. చివర్లో ఊరి పేరు, ఆవిడ కథ ఎవరి దగ్గర విన్నదో ఆవిడ గొంతుతోనే చెప్పించండి.

ఇట్లు,
బొమ్మలు కదిలించే పనివాళ్లు కొందరు,
విశాఖపట్నం