పాలిష్ పరీక్షలు, ఫలితాలు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగింది. మన ఎండలకు, మన బోరు నీళ్లకు, మన టింకరింగ్ షాపుల్లో తిరిగే మెషిన్లకు తగ్గ కారు పాలిష్ తయారు కావాలి. అందుకు తయారీదారుకు పనికొచ్చే సమాచారం మనం ఇవ్వాలి. మనతో కలిసి పనిచేస్తున్న తయారీదారు రెండు రకాల నమూనాలు పంపుతూ వచ్చారు: గీతలు తీసే కాంపౌండ్, ఆ తర్వాత మెరుపు తెచ్చే ఫినిషింగ్ పాలిష్. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం సభ్యులు వాటిని పరీక్షించారు. జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో విడిగా అందుతుంది.

పరీక్షించిన పద్ధతి

మొదట్లో వచ్చిన అభిప్రాయాలు "బాగుంది", "జిడ్డుగా ఉంది", "పొడి లేస్తోంది" అన్న తీరులో ఉండేవి. వీటితో కెమిస్టు చేయగలిగింది ఏమీ లేదు. జిడ్డు నూనె ఎక్కువై వచ్చిందా, ప్యాడ్ మీద పాలిష్ ఎక్కువ పడి వచ్చిందా, గాలిలో తేమ వల్ల వచ్చిందా తేలితేనే ఆయన ఫార్ములాలో ఏదైనా మార్చగలరు. అందుకే అందరికీ ఒకే పద్ధతి పెట్టాం.

విజయవాడ ఆటోనగర్‌లో దొరికిన పాత బానెట్లను షాంపూతో కడిగి, క్లే బార్ (పెయింటుకు అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) పట్టించి, టేపుతో 40 సెంటీమీటర్ల చదరాలుగా విభజించాం. క్లే దశ వదిలేస్తే అతుక్కున్న ఇనుప రజను ప్యాడ్ కిందికి వచ్చి కొత్త గీతలు పెడుతుంది, నింద పాలిష్ మీద పడుతుంది. ప్రతి చదరంలోనూ 2000 నంబరు వాటర్ పేపరుతో, ఆపై 3000తో ఒకే దిశలో తడిగా రుద్ది, ఒకే రకం గీతలు పెట్టాం. ఆ తర్వాత 15 మిల్లీమీటర్ల త్రో (ప్యాడ్ ఊగే వెడల్పు) ఉన్న డీఏ మెషిన్ (తిరుగుతూనే ఊగే డ్యూయల్ యాక్షన్ పాలిషర్), 4 నుంచి 5 మధ్య స్పీడు, నాలుగైదు కిలోల ఒత్తిడి. చేతికి ఆ ఒత్తిడి అలవాటు కావడానికి బరువు తూచే మెషిన్ మీద నొక్కి చూసుకోవడం మంచిది. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ప్రతి నడకా ముందుదాన్ని సగం కప్పేలా, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల నడకతో.

పాలిష్‌ను బఠాణీ గింజల లెక్కన వేయడం మానేశాం. సీసా మూతి రంధ్రాన్ని బట్టి చుక్క బరువు మారిపోతుంది. చిన్న డిజిటల్ త్రాసు మీద తూచి, చదరానికి ఒక గ్రాము చొప్పున వేశాం. కొత్త ప్యాడ్‌కైతే ముందు ముఖమంతా పల్చగా పట్టించి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టాం.

సీసాల మీద పేర్లు లేవు. అ, ఆ, ఇ, ఈ అని అక్షరాలే. అందులో ఒకటి బజారులో అందరికీ తెలిసిన పాలిష్. మరొక నమూనాను రెండు వేర్వేరు అక్షరాలతో రెండుసార్లు ఇచ్చాం. ఒకే పాలిష్‌కు ఒకే చేతి నుంచి రెండు తీర్పులు వస్తే, తేడా ఎక్కడుందో వెతకాలి కదా. అలా వెతికితే ఎక్కువసార్లు దొరికింది ప్యాడే. మూడో చదరానికి వచ్చేసరికి ప్యాడ్ పెయింటు మడ్డితో, ఎండిన పాలిష్‌తో నిండిపోయి, కోత తగ్గి, పొడి లేస్తుంది. ఒక్కో చదరం కాగానే బ్రష్‌తోనో గాలి పైపుతోనో ప్యాడ్ శుభ్రం చేయాలన్న నిబంధన అక్కడి నుంచే వచ్చింది.

ఎండ, తేమ: అసలు చిక్కు

పాలిష్ అంటే నీళ్లు, అల్యూమినియం ఆక్సైడ్ రజను, మినరల్ ఆయిల్, సాల్వెంటు, ఇవన్నీ విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయర్, చిక్కదనానికి థిక్కెనర్. కోసేది రజనే అయినా, అది ఎంతసేపు సాఫీగా కోస్తుందో నిర్ణయించేది మిగిలిన ద్రవమే.

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో షెడ్డులో ఉన్న ప్యానెల్ కూడా 40 డిగ్రీలకు చేరుతుంది. ఎండలో నిలబెట్టిన నల్ల కారు బానెట్ 60 దాటుతుంది; దాని మీద ఏ పాలిష్ వాడకూడదు. ఆ 40 డిగ్రీల ప్యానెల్ మీద తొలి నమూనా రెండో వరస (చదరమంతా మెషిన్ ఒకసారి నడిపితే ఒక వరస) పూర్తి కాకముందే ఎండిపోయింది. నీళ్లు ఎగిరిపోగానే రజను పొడిగా తిరుగుతుంది, పెయింటు మసకబారుతుంది, తుడిస్తే గీరుకుంటుంది. తయారీదారు తర్వాతి నమూనాలో గ్లిజరిన్ పెంచారు. హైదరాబాద్‌లో సమస్య తీరింది. అదే సీసా విశాఖలో వానాకాలం తెరిస్తే తుడిచినకొద్దీ సాగింది, గుడ్డకు అంటుకుంది. గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది. సముద్రపు ఒడ్డున అది ఆరదు.

గ్లిజరిన్ తగ్గించి, ఆలస్యంగా ఆవిరయ్యే సాల్వెంటు కొంత పెంచిన నమూనా రెండు చోట్లా నిలబడింది. నూనె పెంచడం తేలికైన దారి. కానీ నూనె గీతల్లో నిండి వాటిని దాచేస్తుంది, పైన వేసే సిరామిక్ కోటింగ్‌ను సరిగా పట్టనివ్వదు. అందుకు మనం ఒప్పుకోలేదు. ఈ ఏడాది సంఘం సాధించిన వాటిలో మాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

గీత పోయిందా, దాక్కుందా అని తేల్చడానికి మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రోపైల్ ఆల్కహాల్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ రెండు వంతులు కలిపి తుడవండి. సుమారు 23 శాతం ద్రావణం అవుతుంది. ఇంతకన్నా చాలా ఘాటుగా కలిపితే మెత్తటి పెయింటు ఉబ్బే ప్రమాదం ఉంది. గుడ్డ పొడిగా ఉండకూడదు, లేకపోతే ఆ తుడుపే కొత్త గీతలు పెడుతుంది. కొన్ని నూనెలు దీనికీ లొంగవు. షాంపూతో కడిగి, వారం తర్వాత ఎండలో మళ్లీ చూడాలి.

విడి గీతలు, మసక

చదరమంతా నునుపుగా వచ్చి, మధ్యలో ఒకటి రెండు లోతైన గీతలు కనిపిస్తే రెండు కారణాలు చూడాలి. ఒకటి, రజను ఉండలు కట్టడం. ఇది తయారీలోనే పట్టుబడాలి. రంగుల పరిశ్రమలో వాడే హెగ్మాన్ గేజ్ మీద పాలిష్ గీసి చూస్తే ఉండలు తెలిసిపోతాయి. రెండోది మన దగ్గరే జరుగుతుంది. మూతి దగ్గర ఎండిన పాలిష్ గట్టిపడి, గింజలా రాలి ప్యాడ్ మీద పడుతుంది. వాడేముందు సీసా మూతి తడి గుడ్డతో తుడవడం అలవాటు చేసుకోవాలి. లోపలికి గాలి చొరని మూత కావాలని అడిగాం, కొత్త సీసాలకు అది వచ్చింది.

వేడి షెడ్డులో నెలల తరబడి ఉన్న సీసాలో నూనె పైకి తేలి, రజను అడుగున పేరుకుంటుంది. ఊపకుండా వాడితే మొదట నూనె, చివర ఇసుక. ఊపినా కలవని ముద్దగా మారితే ఆ సీసా పారేయండి.

పాత తరహా కాంపౌండ్లలో రజను రుద్దేకొద్దీ చిన్నదవుతుంది కనుక చివరిదాకా నడపాలి, మధ్యలో ఆపితే మసక మిగులుతుంది. మన నమూనాల్లోది అలా విరగని రజను. నాలుగు నుంచి ఆరు వరసలు చాలు, ఎండేదాకా లాగితే చెడుతుంది. ఫినిషింగ్ పాలిష్ తర్వాత కూడా మెత్తటి పెయింటు మీద మసక కనిపిస్తే, మెత్తటి ఫోమ్ ప్యాడ్, 3 స్పీడు, మెషిన్ బరువు తప్ప చేతి ఒత్తిడి లేకుండా మరో రెండు వరసలు వేసి చూడండి.

ఏ కంపెనీ కారు పెయింటు గట్టిది, ఏది మెత్తనిది అని ముందే తీర్మానించుకోవద్దు. మెర్సిడెస్ బెంజ్ 2003 చివర్లో నానో కణాలున్న గట్టి క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) తెచ్చింది. అలాంటి కారుకు కూడా డోరుకు బయటి షాపులో రంగు వేయించి ఉంటే ఆ డోరు వేరే పెయింటే. ప్రతి ప్యానెల్ మీదా చిన్న చోట చూశాకే ముందుకు వెళ్లాలి.

మీటరు గురించి ఒక మాట

క్లియర్ కోట్ సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు. పెయింటు మందం కొలిచే మీటరు చూపేది క్లియర్ కోట్ ఒక్కటే కాదు, లోహం మీదున్న పొరలన్నీ కలిపి. కంపెనీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 దాకా ఉంటుంది. 200 దాటితే రంగు మళ్లీ వేశారనుకోవచ్చు. 500 పైన ఉంటే లోపల లప్పం ఉంటుంది. ఒక కాంపౌండ్ దశలో పోయేది ఒకటి రెండు మైక్రాన్లే. మామూలు మీటరు పొరపాటే అంతకంటే ఎక్కువ. అందువల్ల "ఒక మైక్రాన్ తీసింది" అన్న నివేదికలను పక్కన పెట్టాం, సభ్యులు అన్యథా భావించవద్దు. అంచులు, మడతల దగ్గర పొర పల్చగా ఉంటుంది. అక్కడ టేపు వేయండి.

షాపుల వాళ్ల మాట

సరదాగా సొంత కారు పాలిష్ చేసుకునేవారికి ఎక్కువసేపు పనిచేసే పాలిష్ కావాలి. షాపులో రోజంతా బఫింగ్ చేసేవారికి త్వరగా కోసి, ఒక్క తుడుపుతో పోయేది కావాలి. మన ఊళ్లలో చాలా షాపుల్లో ఇంకా రోటరీ మెషిన్ (ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగేది), ఊలు ప్యాడే. 2000 ఆర్‌పీఎం మీద నడిపితే ఏ మంచి కాంపౌండ్ అయినా హోలోగ్రామ్ గీతలు (వెలుగులో కనిపించే వంపు గీతలు) వదులుతుంది. 1200 దగ్గర నడిపి, చివర డీఏతో ముగించాలని వారికి చూపించాం. వారి పట్టుదల మాత్రం పాలిష్‌లో సిలికాన్ ఉండకూడదని. షాపులో సిలికాన్ నూనె ఉంటే కొత్త రంగు పొరలో చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. ఆ అభ్యంతరం న్యాయమైనది, తయారీదారు సిలికాన్ పూర్తిగా తీసేశారు.

వచ్చే ఏడాది

బోరు నీటి మరకల మీద పని మొదలవుతుంది. పైపైన తెల్లగా పేరుకున్న సున్నం పాలిష్‌తో పోదు. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి నిమిషం ఉంచి కడగాలి. క్లియర్ కోట్‌ను తిని గుంట పడితేనే కాంపౌండ్ అవసరం. ఈ రెండు మరకలున్న ప్యానెళ్లు మీ దగ్గరుంటే ఇవ్వండి.

నమూనా తీసుకునే ప్రతి సభ్యుడూ ఫారంలో ఇవి తప్పక రాయాలి: ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూసిన ప్యానెల్ వేడి, గాలిలో తేమ, ప్యాడ్ రకం, అది ఎన్నో చదరం, వేసిన గ్రాములు, వరసలు, ఆల్కహాల్ తుడుపుకు ముందు, తర్వాత ఒకే టార్చి వెలుగులో తీసిన రెండు ఫొటోలు. మాస్కు, నైట్రైల్ గ్లౌజులు సంఘం ఇస్తుంది.