బ్రూనోకీ ఆ సీసాకీ సంబంధం లేదు

సంపాదకులకు,

అయ్యా, ఫ్రాన్సులోని షార్ట్రూజ్ మఠం గురించి పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అక్కడి సన్యాసులు అమ్మే ఆకుపచ్చ మద్యాన్ని, ఆ మఠాన్నీ వాళ్ల కార్తూసియన్ సంఘాన్నీ మొదలుపెట్టిన పునీత బ్రూనో కనిపెట్టాడని రాశారు. ఇక మీదట తయారీ పెంచబోమని వాళ్లు చెప్పడం గిరాకీ కోసం వేసిన ఎత్తుగడ అని కూడా తేల్చేశారు. మొదటిది పచ్చి తప్పు. రెండోది మీ అభిప్రాయం, కాదనను. కానీ బ్రూనో ఎలా బతికాడో తెలిసినవాళ్లకు ఆ మాట అంత తేలిగ్గా నోట రాదు.

బ్రూనో 1101 అక్టోబరు 6న పోయాడు. ఆ మద్యానికి మూలమైన మూలికల రాతప్రతి ఆ సంఘం సన్యాసుల చేతికొచ్చింది 1605లో. అది ఔషధంగా తయారై బయటికొచ్చేసరికి 1737.

ఆయన జర్మనీలోని కొలోన్‌లో పుట్టినవాడు. ఫ్రాన్సులో రైమ్స్ కతీడ్రల్ బడికి దాదాపు ఇరవై ఏళ్లు పెద్దగా ఉన్నాడు. ఆ ఊరి ఆర్చ్‌బిషప్ మనాసెస్ డబ్బు పోసి పదవి కొనుక్కున్న మనిషి. ఎదురు తిరిగినందుకు బ్రూనో ఉద్యోగమూ ఇల్లూ పోగొట్టుకున్నాడు. 1080లో మనాసెస్ పదవి ఊడింది. ఇక ఆ పీఠం బ్రూనోదే అని అందరూ అనుకుంటుంటే ఆయన అడవి దారి పట్టాడు. 1084లో ఆరుగురిని వెంటబెట్టుకుని గ్రెనోబుల్ బిషప్ హ్యూ దగ్గరికి వెళ్లాడు. అంతకుముందే హ్యూకి కలలో ఏడు నక్షత్రాలు కనబడ్డాయంటారు. మంచు కొండల మధ్య షార్ట్రూజ్ లోయ చూపించింది ఆయనే.

అక్కడైనా కుదురుగా ఉండనిచ్చారా? బడిలో ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడే రెండో అర్బన్ పోపయ్యాడు. 1090లో గురువుగారిని రోముకు పిలిపించాడు. పోపు పిలుపు కనక వెళ్లక తప్పలేదు. ఇటలీలోని రెజ్జో ఊరి ఆర్చ్‌బిషప్ పదవి ఇస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు. దక్షిణ ఇటలీలో కలాబ్రియా అడవుల్లోకి వెళ్లి రెండో ఆశ్రమం పెట్టుకున్నాడు. షార్ట్రూజ్‌కి మళ్లీ తిరిగి రాలేదు.

అక్కణ్నుంచి రావుల్ అనే పాత మిత్రుడికి రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. కొండలూ పచ్చికా ఏరులూ వర్ణించి, కఠిన నియమాలతో అలసిన మనసుకు ఈ చూపే విశ్రాంతి అంటాడు. ఎప్పుడూ ఎక్కుపెట్టి ఉంచిన విల్లు బిగువు తప్పుతుందనీ రాశాడు. లోకం మీద విసుగెత్తి పారిపోయిన మనిషి రాతలా లేదది, నాకైతే.

సంఘం నియమావళి కూడా ఆయన రాయలేదు. అయిదో మఠాధిపతి గీగో రాశాడు. పునీతుడిగా ప్రకటిస్తూ వేడుక ఏదీ జరగలేదు. 1514లో పదో లియో పోపు ఆయన పండుగ చేసుకోవడానికి ఆ సంఘంవాళ్లకు అనుమతిచ్చాడు, 1623లో అది కతోలిక సభ మొత్తానికీ వచ్చింది.

మద్యం అమ్మకం మఠానికి కూడు పెడుతుంది, అందులో దాపరికం లేదు. ఏకాంతానికీ ప్రార్థనకూ సమయం మిగలాలని తయారీకి హద్దు పెట్టుకున్నామని వాళ్లు చెప్పిన సంగతి 2023లో బయటికొచ్చింది. దాన్ని మీ వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా వేయాల్సింది.

ఎలాగూ సవరణ వేస్తారు కాబట్టి మరొకటి. ఫొటో కింద 'బ్రూనో కట్టిన మఠం' అని ఉంది. బ్రూనో నాటి ఆశ్రమం పైన, కొండ మీద ఉండేది. 1132లో మంచు చరియ విరిగిపడి ఏడుగురు పోయాక మఠాన్ని కిందికి మార్చారు. అదీ కాలింది. మీరు వేసిన కట్టడం చాలావరకు 1676 అగ్నిప్రమాదం తర్వాత లేచింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ