హనీమూన్ గది బుక్ చేసే ముందు ఇకపై మేం అడిగేవి

విజయవాడ గవర్నర్‌పేటలో మా ట్రావెల్స్ ఆఫీసుకు వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. మా వల్ల జరిగిన ఒక పొరపాటు గురించి, దాని తర్వాత మేం మార్చుకున్న పద్ధతి గురించి చెప్పడానికి ఇది రాస్తున్నాను.

గుంటూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అబ్బాయికి డల్లాస్‌లో ఉద్యోగం, మాఘంలో పెళ్లి చేశారు. కొత్త జంటకు అమెరికాలోనే ఓర్లాండోలో, పెద్ద వినోద పార్కులూ వాటి హోటళ్లూ ఉండే డిస్నీ వరల్డ్‌లో నాలుగు రాత్రులు తన తరఫున కానుకగా ఇవ్వాలని ఆయన కోరిక. "ఖర్చు మరీ పెరగకూడదు బాబూ, కానీ పిల్లలు ఎప్పటికీ చెప్పుకోవాలి" అన్నారు. మేం డిస్నీవాళ్ల చవక హోటళ్లలో అన్నిటికన్నా తక్కువ అద్దె ఉన్న గది చూసి బుక్ చేసేశాం.

వాళ్లు దిగాక అబ్బాయి తండ్రికి ఫోటో పంపాడు. ఆయన ఆఫీసుకు వచ్చి ఫోన్ నా బల్ల మీద పెట్టారు. గదిలో రెండు మంచాలు, మధ్యలో దీపం. ఒకటి గోడలోకి మడిచేది, పైకెత్తితే కింద బల్ల వస్తుంది. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఎంతో బాగుండే గది అది, కొత్త దంపతులకు ఇచ్చే గది కాదు. "పర్లేదులే బాబూ, పిల్లలేమీ అనుకోలేదు" అన్నారాయన. తిట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు. మా సర్వీస్ ఛార్జీ మొత్తం వెనక్కి ఇచ్చాం. కానీ ఆ రాత్రులు వెనక్కి ఇవ్వలేం కదా.

ఆ హోటళ్లలో ఒకే పెద్ద మంచం ఉన్న గదులు కూడా ఉంటాయి. తక్కువ ఉంటాయి, అందుకే ముందే పట్టుకోవాలి. ఇకపై హనీమూన్ బుకింగ్ అనగానే మా మొదటి ప్రశ్న మంచం గురించే. అడగడానికి మొహమాటపడి ఇన్నాళ్లూ వదిలేశాం.

రెండోది, సాయంత్రం. పగలంతా పార్కులో జనం మధ్యే ఉంటారు, ఇద్దరికీ మిగిలేది రాత్రి తిరిగొచ్చే ఆ గంటా రెండు గంటలే. అందుకే హోటల్ నుంచి పార్కుకు ఎలా వెళ్లి వస్తారన్నది చూడకుండా అద్దె ఒక్కటీ చూసి ఎంచుకోకండి. చవక రకంలో ఆల్ స్టార్ పేరుతో ఉన్న మూడు హోటళ్లకూ బస్సే దిక్కు. పాప్ సెంచురీ కూడా చవక రకమే, అద్దె కాస్త ఎక్కువ, కానీ అక్కడి నుంచి స్కైలైనర్ ఉంది. తీగ మీద వెళ్లే పెట్టెలు, 2019లో మొదలైంది. రద్దీ లేనప్పుడు ఒక పెట్టెలో ఇద్దరే కూర్చుని చెరువు మీదుగా వెళ్లొచ్చు. దీనికి వేరే టికెట్ లేదు. పిడుగులు పడుతుంటే మాత్రం ఆపేస్తారు.

ఇంకొంచెం పెట్టగలిగితే నేను చెప్పేది మధ్య రకంలోని పోర్ట్ ఓర్లీన్స్ ఫ్రెంచ్ క్వార్టర్. ఇనుప రెయిలింగుల వరండాలు, వీధి దీపాలు, పక్కనే కాలువ. ఆ కాలువలో పడవ ఎక్కితే దుకాణాలు, భోజనశాలలు ఉండే డిస్నీ స్ప్రింగ్స్‌లో దింపుతుంది. పడవకూ డబ్బులక్కర్లేదు, అక్కడ తిరగడానికీ పార్కు టికెట్ అక్కర్లేదు. హోటల్లోనే చక్కెర పొడి చల్లిన వేడి వేడి బెన్యేలు దొరుకుతాయి, మన తీపి బోండాలకు దూరపు చుట్టాలు. నాలుగు రోజులకూ పార్కు టికెట్లు కొనకుండా మూడింటికే కొని, ఒక రోజు ఇలా గడిపితే గదికి పెట్టిన అదనపు ఖర్చులో కొంత అక్కడే కలిసొస్తుంది.

ఇక ముహూర్తాల సంగతి. మాఘం పెళ్లిళ్లవాళ్లు ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే అక్కడ సెలవుల రద్దీ, అద్దెలు ఎక్కువ. శ్రావణంలో పెళ్లయి సెప్టెంబర్‌లో వెళ్లేవాళ్లకు అద్దె బాగా తగ్గుతుంది. అది తుపాన్ల కాలం కూడా, ఆ మాట కూడా ముందే చెప్తాం, రద్దు చేసుకునే షరతులు చదివి వినిపిస్తాం.

అమెరికా దాకా అక్కర్లేదు అనుకునేవాళ్లకు మన హైదరాబాద్ దారిలోనే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. లోపలే సితార, తార హోటళ్లు ఉన్నాయి. ఉదయం విజయవాడలో కారెక్కితే మధ్యాహ్న భోజనానికి అక్కడుంటారు. గది ధరలో ఫిల్మ్ సిటీ టికెట్ కలిసుందో లేదో అడిగి, మీకు కాగితం మీద రాసిస్తాం.

ఇప్పటి నుంచి ఏ కొటేషన్ అయినా గది అద్దె, పన్ను, టికెట్లు, మా ఛార్జీ నాలుగూ విడివిడిగా రాసి, కింద మొత్తం వేస్తాం. ఇప్పటికే మా దగ్గర బుక్ చేసుకున్న జంటలకు మంచం వివరం కనుక్కుని ఈ వారంలోనే ఫోన్ చేస్తున్నాం. రెండు మంచాల గది వచ్చినవాళ్లకు ఒక మంచం గది దొరికితే, తేడా మేమే భరించి మార్పిస్తాం. గుంటూరు పెద్దాయనకు ఆ మాట మొన్నే చెప్పాను. ఆయన రెండో అమ్మాయి పెళ్లి శ్రావణంలో ఉందట. ఆ గది కూడా మమ్మల్నే చూడమన్నారు.