పెట్టె మీద 8 కోళ్లు, లోపల 3కే చోటు

సంపాదకులు గారికి,

విడిభాగాలుగా వచ్చే పెరటి కోళ్ల గూళ్ల పెట్టె మీద ‘8 కోళ్లకు సరిపోతుంది’ అని అచ్చేస్తున్నారు. కోడికి గూటి లోపల 4, బయటి జాలీ ఆవరణలో 10 చదరపు అడుగులు కావాలి. అంటే 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున్న గూట్లో పట్టేవి 3 కోళ్లే. గుడ్లు పెట్టే అరను కూడా లెక్కలో కలిపేస్తారు. కోళ్లు రాత్రిపూట అందులో పడుకుంటే గుడ్లకు రెట్టలంటుతాయి. అందుకే వాలే కర్ర ఆ అర కంటే ఎత్తులో ఉండాలి. కోడికి 8 నుంచి 10 అంగుళాల చొప్పున కర్ర పొడవు లెక్కేసుకోవాలి.

ఇక బిగింపు. రంగు ముందే వేయాలి. కోసిన అంచులకు రెండు పూతలు, ఎందుకంటే చెక్క నీళ్లు తాగేది అక్కడే. ఇటుకలు పేర్చి రసమట్టంతో సరిచూశాకే గోడలు నిలబెట్టాలి. స్క్రూలన్నీ ముందు సగమే తిప్పాలి. ఎదురెదురు మూలల మధ్య దూరం రెండు వైపులా టేపుతో కొలిచి, సమానంగా వచ్చాకే పూర్తిగా బిగించాలి. మొదటి మూలనే గట్టిగా బిగిస్తే నాలుగో మూలలో రంధ్రాలు కలవవు. తలుపు పట్టేస్తోందని చాలామంది తలుపునే చిత్రిక పడతారు, పాపం! వంకర ఉన్నది నేలలో. ఈ గూళ్ల చెక్క మెత్తన, అంచుల్లో ఇట్టే చీలుతుంది. 4 మిల్లీమీటర్ల స్క్రూకు ముందుగా రెండున్నర మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం వేసి, చివరి చుట్లు చేత్తోనే తిప్పాలి.

అసలు లోపం జాలీది. గూటితో వచ్చే సన్నతీగ వలను కుక్క చింపగలదు, దాని కళ్లలోంచి ఎలుక దూరగలదు. అర అంగుళం కళ్ల వెల్డింగ్ జాలీ విడిగా కొనాల్సిందే. స్టేపుల్ పిన్నులు లాగితే ఊడొస్తాయి కాబట్టి వాషరు వేసిన స్క్రూ ఆరంగుళాలకొకటి పెట్టాలి. ఆవరణ చుట్టూ బయటివైపు అడుగున్నర వెడల్పు జాలీని నేలమీద పరిచి, గోడ అడుగుకు కలిపి, పైన మట్టి కప్పాలి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ గోళ్లకు జాలీ తగులుతుంది. తిప్పుడు చెక్క గడియలు ముట్టెతో తోసినా తెరుచుకుంటాయి. వాటికి తోడు స్ప్రింగు కొక్కెం ఉండాలి.

పైకప్పు కింది గాలి సందులను వాన వస్తోందని గోనెతో మూసేయొద్దు. రెట్టల నుంచి వచ్చే అమ్మోనియా, తేమ బయటికి పోయే దారి అదే. జల్లు కొడుతుంటే చూరు ముందుకు పొడిగించుకోవచ్చు.

తయారీదారులు పెట్టె మీద కోళ్ల సంఖ్యకు బదులు, గుడ్ల అర కలపకుండా లోపలి నేల ఎన్ని చదరపు అడుగులో, జాలీ కన్ను ఎంతో అచ్చేయాలి. ఎన్ని కోళ్లు పడతాయో కొనేవాళ్లే లెక్కేసుకుంటారు.

ఇట్లు,
పెరటి కోళ్ల పెంపకందారులు