సిల్వర్ కోటింగ్ క్యాథెటర్లు ఇకపై ఆర్డర్ మీదే

మా సర్జికల్ షాపు కస్టమర్లకు నమస్తే. సిల్వర్ కోటింగ్ యూరిన్ క్యాథెటర్లు (మూత్రం బయటికి రావడానికి వేసే, వెండి పూత ఉన్న పైపులు) ఈ నెల నుంచి షాపులో నిల్వ ఉంచడం లేదు. డాక్టర్ చీటీలో అదే కావాలని రాస్తే తెప్పించి ఇస్తాం. ములుగు, నర్సంపేట నుంచి కూడా ఫోన్లు చేసి అడుగుతున్నారు కాబట్టి కారణం చెబుతున్నాను.

"కోటింగుంటే ఇన్ఫెక్షన్ రాదట కదా అన్నా" అంటారు. వెండికి బ్యాక్టీరియాను చంపే గుణం ఉన్న మాట నిజమే. కానీ పైపు లోపలికి వెళ్లాక మూత్రంలోని ప్రొటీన్లు, లవణాలు దాని మీద పేరుకుంటాయి. ఆ పొర మీద సూక్ష్మజీవులు స్థిరపడి బయోఫిల్మ్ అనే జిగట పొర కడతాయి. పాత పైపు తీసినప్పుడు కొన్నిసార్లు చివర సున్నం పెచ్చులా గరుకుగా ఉంటుంది, చూసే ఉంటారు. ప్రోటియస్ లాంటి బ్యాక్టీరియా యూరియాను విడగొడితే అమ్మోనియా పుట్టి, మూత్రం క్షారంగా మారి, లవణాలు అలా గడ్డకడతాయి. అంత పెచ్చు కట్టాక అడుగున ఉన్న వెండి చేసేదేముంది?

బ్రిటన్‌లో 24 ఆసుపత్రుల్లో పెద్ద పరీక్షే చేశారు. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొద్ది రోజుల కోసమే క్యాథెటర్ వేసినవాళ్లలో, మామూలు పైపుతో 12.6 శాతం మందికి ఇన్ఫెక్షన్ వస్తే, సిల్వర్ పైపుతో 12.5 శాతం మందికి వచ్చింది. నైట్రోఫ్యూరజోన్ అనే బ్యాక్టీరియాను చంపే మందు పూసిన దానితో 10.6 శాతం, కానీ దానితో ఇబ్బంది ఎక్కువన్నారు. కోటింగ్ పీసు మీద నాకు మిగిలేది ఎక్కువే. అయినా ఇది తెలిసి నెలల తరబడి మంచం మీదున్న పెద్దవాళ్లకు అంటగట్టడం నా వల్ల కాదు. ఐసీయూలో పెద్ద రక్తనాళంలోకి వేసే పైపు, అదే సెంట్రల్ లైన్, దాని సంగతి వేరు, అక్కడ కొన్ని కోటింగులు పనిచేస్తాయి. అది డాక్టర్లు చూసుకుంటారు.

ఎక్కువ కాలం ఉంచాల్సినవాళ్లకు ఫుల్ సిలికాన్ పైపులు ఉన్నాయి. ఎప్పుడు మార్చాలో డాక్టర్‌నే అడగండి. మూత్రం చేరే బ్యాగు విషయం మాత్రం నేను గట్టిగా చెబుతా. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి రోడ్డులో ఆటో ఎక్కగానే బ్యాగును పేషెంట్ ఒళ్లో పెట్టేస్తారు. అందులో నిలిచిన మూత్రం వెనక్కి మళ్లుతుంది. నడుము కంటే కిందే వేలాడదీయండి, నేలకు తగలనివ్వకండి, ఖాళీ చేసే ముందూ తర్వాతా చేతులు కడుక్కోండి. అవసరం లేకుండా పైపుకూ బ్యాగుకూ మధ్య జాయింటు ఊడదీయకండి. మూత్రం వెనక్కి మళ్లకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు ఉన్న బ్యాగులు కూడా తెప్పించాను.

చలిజ్వరం వస్తే నన్ను యాంటీబయాటిక్ అడగకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

కోటింగ్ పైపు కొని సీలు తీయనివాళ్లు బిల్లుతో వస్తే సిలికాన్‌కు మార్చి, తేడా డబ్బులు తిరిగిస్తాను. సీలు తీస్తే మాత్రం కుదరదు.