బావా, ఆ మూడో డ్రాప్ సంగతి నేను చెప్తాను విను

ఒరే బావా,

ఎలగున్నావు? చెల్లెమ్మ, మేనల్లుడు బాగున్నారు కదా. ఇక్కడ మేం బాగానే ఉన్నాం, వాన మాత్రం వదలట్లేదు, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నాడంటే చాలు రాయగడలో బట్టలారవు, అది నీకు కొత్తగా చెప్పాలేటి. హాతీపత్థర్ దగ్గర నాగావళి ఎర్రగా ఉరుకుతోంది, జనం సెల్ఫీలకి ఎగబడుతున్నారు, పోలీసోళ్లు తరుముతున్నారు.

సరే అసలు సంగతికొస్తాను. మొన్న ఫోను స్పీకర్లో పెట్టి మరీ మేనల్లుడికి చెప్పావే, ఆ కథ నేనూ విన్నాను. మూడో డ్రాప్ మీంచి, అదే కొండవాగు ఒక్కసారిగా కిందకి దూకే చోటు నుంచి, కయాక్ బోటుతో సహా ఎగిరి పువ్వులా దిగావట, దిగి వెనక్కి తిరిగి మాకు చెయ్యి ఊపావట! పిల్లాడి ముందు పరువు తియ్యకూడదని అప్పుడు నోరు మూసుకున్నాను. ఫోన్లో ఎదురు చెప్తే నువ్వు మాట తిప్పీస్తావు, లేపోతే సిగ్నల్ లేదంటావు, అందుకని కూర్చుని రాస్తన్నాను. ఇది వాడికి చదివి వినిపించు, మధ్యలో మింగకుండా.

మొదట్నుంచీ చెప్పు వాడికి. మనకీ పిచ్చి ఎక్కించింది కేరళ. కోజికోడ్ జిల్లా కోడంచేరి, అక్కడ చాలిప్పుళ, ఇరువంజిప్పుళ అని రెండు ఏర్లు పశ్చిమ కనుమల్లోంచి బండల మధ్య దూకుకుంటూ దిగుతాయి, నైరుతి వానల్లో వాటి మీదే మలబార్ రివర్ ఫెస్టివల్ పెడతారు, 2013లో మొదలెట్టారు, ఎక్కడెక్కడి దేశాలోళ్లో వచ్చి పందేలాడతారు. నువ్వప్పుడు బెంగుళూర్లో ఉద్యోగం వెలగబెడుతూ నన్నూ మేష్టార్నీ చూట్టానికని లాక్కెళ్లావు. చూట్టానికి వెళ్లినోళ్లం ఏటి చేసాం, నేర్చుకుంటామని మళ్లీ మళ్లీ పోయాం. గుర్తుందా, నిలకడ నీళ్లలో రోల్ నేర్పినప్పుడు మేష్టారి అవస్థ? బోల్తా పడి తలకిందులుగా ఉన్నప్పుడు కంగారు పడకుండా పాడిల్, అదే తెడ్డు, పైకి తెచ్చుకుని, నడుం ఒక్క విదుపు విదిపి, తల ఆఖర్న ఎత్తాలి, ముందే ఎత్తావో మళ్లీ బోల్తానే. ఊపిరి కోసం తల ముందు లేపాలనే ఎవడికైనా అనిపిస్తది కదా, అక్కడే ఉంది మెలిక. మేష్టారు పిల్లలకి లెక్కలు చెప్పినట్టు తనకి తనే అంకెలు చెప్పుకుంటూ నేర్చీసుకున్నారు, మనిద్దరికంటే ముందు.

ఆ తర్వాత పాత క్రీక్ బోట్లు మూడు బేరమాడి కొని లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో రాయగడకి వేయించావు. గోడౌన్లో గుమస్తా వాటిని తట్టి చూసి "ఇదేటి బాబూ, పడుకోబెట్టిన సింటెక్స్ ట్యాంకా" అన్నాడు. నవ్వుకున్నాం గానీ ఆయన పెద్ద తప్పేం చెప్పలేదురా, పొడి ప్లాస్టిక్కుని అచ్చులో పోసి వేడి మీద తిప్పి చేస్తారు, ట్యాంకుదీ బోటుదీ ఒకటే పద్ధతి. అందుకే రాయికి కొట్టుకున్నా సొట్ట పడతాది గానీ అంత తేలిగ్గా పగలదు. పొట్టిగా, పొట్ట లావుగా, ముక్కు పైకి లేచి ఉంటాది, డ్రాప్ కింద మునిగినా గబుక్కున పైకి తేలాలని.

ఇంక గెడ్డ, అదే మనం దిగిన కొండవాగు. పేరు రాయను, రాస్తే మేనల్లుడు గూగుల్ చేసి పెద్దయ్యాక బయల్దేరతాడు. కల్యాణ్‌సింగ్‌పూర్ వైపు అని మాత్రం చెప్పు. అక్కడి గెడ్డలన్నీ అంతే, రాత్రి కొండ మీద వాన కొడితే తెల్లారేసరికి నిండిపోతాయి, మర్నాటికి రాళ్లు బయటపడతాయి. ఎక్కువున్నప్పుడు దిగితే చావు, తక్కువున్నప్పుడు దిగితే బోటు అడుగు గీసుకుపోడమే తప్ప సరదా లేదు. ఆ మధ్యలో దొరికే ఒక్క పూట కోసం మనం వాన చూసుకుంటూ కూర్చునేవాళ్లం, మేష్టారైతే సెలవు చీటీ ముందే రాసి జేబులో పెట్టుకుని తిరిగేవారు, తారీఖు ఒక్కటే ఖాళీ.

మన కథలో నువ్వు మేనల్లుడికి అస్సలు చెప్పనోడు ఒకడున్నాడు. లంబూ. వాడు జన్మలో ఆ బోటెక్కలేదు, "ఆ గొట్టంలో కాళ్లు దూర్చి మూత బిగించుకుని నీళ్లలోకి పోడమేటి, మీకు బుద్ధి లేదు" అనీవాడు. పికప్ వాడిదే, డ్రైవరూ వాడే, ఒడియా, అక్కడి కోంధుల కువి భాష రెండూ వచ్చినోడూ వాడే. ముందు ఊళ్లోకెళ్లి పెద్దల్ని అడక్కుండా బోట్లు కిందకి దింపనివ్వనని పికప్ తాళం జేబులో పెట్టుకున్నాడు గుర్తుందా? నువ్వు విసుక్కున్నావు, "గెడ్డ గవర్నమెంటుది కదా" అని. ఆ కొండలు డొంగ్రియా కోంధులకి వాళ్ల దేవుడు నియమరాజు ఉండే చోటు, 2013లో 12 గ్రామసభలు పెడితే పన్నెండూ బాక్సైటు గనికి వద్దని చెప్పిన మనుషులు వాళ్లు. అలాంటి చోట రంగు రంగు డబ్బాలేసుకుని దిగిపోతే ఎవరికైనా అనుమానం రాదా?

అడగబట్టే ఆ తాత మనతో వచ్చాడు. చేతికర్రతో మూడో డ్రాప్ కింద కుడి పక్క చూపించి ఏదో అన్నాడు, లంబూ చెప్పాడు, పోయిన వానలకి పెద్ద చెట్టు కూలి ఆ బండ కింద ఇరుక్కుందట, కొమ్మలింకా లోపలే ఉన్నాయట. మనకి పైన్నుంచి చూస్తే ఏటి కనపడింది? తెల్లటి నురగ. బురద నీళ్లలో చెట్టు అస్సలు కనపడదు. నీళ్లు కొమ్మల సందుల్లోంచి దూరిపోతాయి గానీ మనిషి దూరలేడు కదా, వెనక నీళ్లు నొక్కుతానే ఉంటాయి, అక్కడ తగులుకుంటే ఇంక లేనట్టే. నురగ వెనక్కి మరిగి మనిషిని లాగీసే హోల్ కంటే, పెద్ద డ్రాప్ కంటే, నాకు అదంటేనే భయం, ఇప్పటికీ.

అందుకే ఆ పూట నీళ్లలో ఉన్న సేపటికంటే ఒడ్డున నిలబడి చూసిన సేపే ఎక్కువ. నన్నడిగితే గెడ్డ దిగడమంటే ముప్పావు వంతు అదే. కిందకి నాలికలా నున్నగా సాగిన నీళ్లుంటే దారి అక్కడ, పైకి గురిపెట్టిన బాణంలా చీలితే కింద రాయుంది, డ్రాప్ కింద నురగ వెనక్కి మరుగుతుంటే అది ఎంత దూరం నుంచి వెనక్కి లాగుతుందో కర్రముక్క పడేసి చూడాలి. నువ్వు "చాల్లే పదండి" అంటానే ఉన్నావు. మేష్టారు మాత్రం ఒక్కో రాయీ చూసి, చెయ్యి గాల్లో తిప్పుకుంటూ, ఇక్కడ ఎడమ స్ట్రోకు, ఇక్కడ ఎడ్డీలోకి, అదే రాయి చాటు నిలకడ నీళ్లలోకి, తిరగడం, ఇక్కడ ఊపిరి అని వల్లె వేసుకున్నారు.

మొదటి రెండూ చెప్పుకోడానికేం లేవు, ఒకటి నున్నటి జారుడు బండ, రెండోది ఇరుకు సందు, పాడిల్ అడ్డంగా పట్టుకుంటే రెండు పక్కలా తగుల్తుంది. అందరం సుబ్బరంగా దిగీసాం.

మూడోది. రెండు నిలువుల ఎత్తుంటాది. ఎడమ అంచు శుభ్రంగా ఉంది, కుడి పక్క బండ కింద నీళ్లు తొలిచీసిన గుహలా, దానికి అవతల తాత చెప్పిన చెట్టు. చెయ్యాల్సింది ఒకటే, అంచు దాకా ఊపుగా వచ్చి, సరిగ్గా అంచు మీద ఎడమ బ్లేడు గుచ్చి పొడుగ్గా లాగి, మోకాళ్లతో ముక్కు లేపి ముందుకు వాలిపోవాలి, దాన్నే కదా బూఫ్ అంటారు, బోటు పొట్ట మీద చదునుగా పడి నురగ దాటి ముందుకు జారిపోతాది. మరీ ఎత్తు నుంచి అలగ చదునుగా పడితే నడుం విరుగుతాది, అది వేరే గొడవ. మేష్టారు దిగారు, ధబ్ మని ఒక్క చప్పుడు, మొహం కూడా సరిగ్గా తడవలేదు. కింద ఎడ్డీలోకి తిరిగి పాడిల్ నిటారుగా లేపి రమ్మని సైగ చేసారు. చెయ్యి ఊపింది ఆయన్రా బావా, నువ్వు కాదు!

నువ్వు స్ట్రోకు ముందే వేసీసావు. అంచు రాకముందే. నేను పైన బండ మీద కూర్చుని చూస్తన్నాను, అంచు దగ్గరకొచ్చేసరికి నీ బ్లేడు గాల్లో ఉంది, ముక్కు వాలిపోయింది, బోటు నిటారుగా గుచ్చుకుని నీతో సహా మాయమైపోయింది. తర్వాత తోక ముందు బయటకొచ్చింది, తర్వాత అడుగుభాగం, పసుపు రంగు, నువ్వు లేవు. ఒకసారి రోల్‌కి ప్రయత్నించావు, బ్లేడు కనపడింది, నురగలో గాలే ఎక్కువ కదా, పాడిల్‌కి పట్టు దొరకదు, మళ్లీ మునిగావు. నడుం చుట్టూ బోటుకి మూతలా బిగించుకునే ఆ స్కర్టు లాగీసుకుని బయటపడ్డావు. హెల్మెట్టు కనపడే వేళకి నీళ్లు నిన్ను కుడి వైపు నెట్టడం మొదలెట్టాయి. నేను పైనుంచి విజిల్ ఊదడం తప్ప చెయ్యగలిగింది లేదు.

అప్పుడు లంబూ ఏం చేసాడో నువ్వు చూళ్లేదు, నేను చూసాను. వాడు కేక వెయ్యలేదు, పరిగెత్తలేదు. నీ కళ్లు పైకొచ్చేదాకా ఆగాడు. ఆగి "తాడూ" అని ఒక్క అరుపు అరిచి, తాడు కుక్కి పెట్టుకున్న సంచిని కింద నుంచి ఊపి విసిరితే తాడు సాగుకుంటూ వచ్చి సరిగ్గా నీ భుజం మీద పడింది. విసిరీసి, చటుక్కున కూలబడి మడమలు రెండూ రాతి పగుల్లో తన్నిపెట్టాడు, నిలబడుంటే నీ బరువుకి వాడూ నీళ్లలోకొచ్చీవాడు. నువ్వు మాత్రం మేష్టారు చెప్పినట్టే చేసావులే, అది ఒప్పుకోవాలి, తాడు చేతికి చుట్టుకోకుండా భుజం మీంచి గుండెకి అదిమి పట్టుకుని వెల్లకిలా తిరిగావు, నీళ్లు నెత్తి మీంచి పోయి మొహం దగ్గర గాలాడుద్ది కదా అలగ. నీళ్లే నిన్ను గుండ్రంగా తిప్పి లంబూ కాళ్ల దగ్గరకి తెచ్చీసాయి. "నా అంతట నేనే ఒడ్డుకొచ్చాను" అట!

ఒడ్డుకొచ్చాక నువ్వు అన్న మొదటి మాట "నా పాడిల్ ఏదిరా". రెండో మాట లంబూకి, మంచి వాచీ కొనిస్తానని. నీకది గుర్తుండదు, వాడికి బాగా గుర్తు.

బోటు సంగతి ఇంకో కథ. నీళ్లు నిండి రెండు రాళ్ల మధ్య అడ్డం పడింది, ఖాళీ బోటు ఒకడు భుజాన వేసుకుని పోవచ్చు గానీ రెండొందల లీటర్లు పైన నీళ్లు నిండితే అంత కేజీలు కదా, పైగా పారే నీళ్ల తోపుడొకటి. ఊరి కుర్రాళ్లు ఆరేడుగురు తాడు పట్టుకుని, వాళ్ల పాటేదో పాడుకుంటూ, తిన్నగా కాకుండా ఓరగా లాగితే ఒక మూల లేచి నీళ్లు కారిపోయి ఊడొచ్చింది. పాడిల్ ఆ రోజు దొరకలేదు. కోతలయ్యాక లంబూ ఆ దిగువ ఊరెళ్తే ఒకామె కళ్లంలో దాంతో వడ్లు తిరగేస్తోందట! అడగబుద్ధి కాలేదట వాడికి, మంచి పని చేసాడు, నీ చేతిలో కంటే అక్కడే దానికి అన్నం పుట్టింది.

ఇంకోటి కూడా చెప్పు పిల్లాడికి, మనం చెక్‌డ్యాం దగ్గర బోట్లు ఎత్తుకుని నడిచాం కదా, నువ్వు వణుకుతూ కూడా "ఇంత చిన్నదానికి మోయడమేటి" అని సణిగావు, మనిషి నడుమెత్తు కూడా లేదు నిజమే. కానీ డ్రాపులో నీళ్లు రాళ్ల మధ్య ఎక్కడో ఒక పక్క బయటకి తోస్తాయి, డ్యాం కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే తీరుగా వెనక్కి మరుగుతాయి, పక్కకి తప్పుకునే సందే ఉండదు. చూడ్డానికి ముద్దుగా ఉంటాది, అదే అన్నిటికంటే చెడ్డది. వాడు పూనాలో ఏ వాగు దగ్గరకి పిక్నిక్ వెళ్లినా ఆ గోడ కింద మాత్రం ఈతకి దిగొద్దని గట్టిగా చెప్పు.

సాయంత్రం ఊళ్లో రాగి అంబలి తాగాం, తాత జీలుగు కల్లు పోయించాడు, మేష్టారు వద్దు వద్దంటూనే డొప్ప పట్టారు. రాయగడ వచ్చి బస్టాండు దగ్గర బరా ఘుగుని, అదే గారెలూ బఠాణీ కూరా, ఎన్ని ప్లేట్లు లాగించావో కొట్టోడు చాన్నాళ్లు చెప్పుకున్నాడు.

మళ్లీ వెళ్లి చూపిస్తానంటావేమో, కుదరదు. 2017 జులైలో కల్యాణ్‌సింగ్‌పూర్ మీద పడ్డ వాన తెలుసు కదా, తేరుబలి దగ్గర రైలు బ్రిడ్జే కొట్టుకుపోయింది, ఈ లైన్లో రైళ్లు ఆగిపోయాయి. రోడ్డు పడ్డాక నేనూ లంబూ వెళ్లాం. మూడో డ్రాప్ లేదురా. ఆ ఎడమ అంచు బండ దొర్లి ఎక్కడికో పోయింది, చెట్టూ లేదు, అక్కడంతా గుండ్రాళ్ల దిబ్బ. అది పోయింది కాబట్టే నీ కథ పెరిగిందని నా అనుమానం, సాక్ష్యం లేకపోతే ఎవరి నోరు వాళ్ల ఇష్టం. కానీ సాక్షులం ముగ్గురం ఉన్నాం ఇక్కడ. మేష్టారికి ఫోన్ చేసి అడిగాను, ఆయన ఇంకా ఆ స్ట్రోకులు వరసగా చెప్తన్నారు.

సెలవలకి వస్తానన్నావు కదా, దసరాకి రా, అప్పటికి నీళ్లు కొంచెం తగ్గుతాయి. గెడ్డల జోలికి వద్దులే, నీ పొట్ట ఇప్పుడు ఆ స్కర్టులో పట్టదు, మేనల్లుడికి నాగావళి మడుగులో నిలకడ నీళ్ల మీద రోల్ నేర్పిద్దాం, మేష్టారు సిద్ధంగా ఉన్నారు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయనగరంలో దిగు, అక్కణ్ణుంచి రాయగడకి రైలుంటాది, లంబూ స్టేషన్‌కి పికప్ తెస్తానన్నాడు. వాచీకి స్టీలు చెయిను కావాలట, తోలు బెల్టు వద్దట, తడిస్తే పాడైపోద్దని.

ఉంటాను మరి, చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ